కాంతిని ఒకసారి స్కేలుతో, ఒకసారి మల్టీమీటర్‌తో కొలవడం ఎలా

కాంతి తరంగమా, కణమా అని సెకండ్ పీయూసీ (మన ఇంటర్ రెండో ఏడాది) చదివే పిల్లల్ని అడగండి. "రెండూ" అని టక్కున చెప్తారు. ఎలా తెలిసింది అంటే పుస్తకంలో ఉంది అంటారు. బెంగళూరులో మారతహళ్లిలోనో, కె.ఆర్.పురంలోనో, యలహంకలోనో ఉంటున్న తెలుగు ఇళ్లలో ఈ పాఠం మీద ట్యూషన్లకు ఎంతో ఖర్చవుతోంది. పిల్లలు సూత్రాలు బట్టీ పడతారు, లెక్కలు చేస్తారు, మార్కులు కూడా తెచ్చుకుంటారు. కాంతిని చేత్తో కొలిచినవాళ్లు మాత్రం చాలా తక్కువ. ఆ లోటు తీర్చుకోవడానికి ఒక శనివారం సాయంత్రం చాలు.

మనం చేయబోయేది ఇదీ. ఒక ఎల్ఈడీ వెలుతురు తరంగదైర్ఘ్యాన్ని (ఒక అల శిఖరం నుంచి తర్వాతి శిఖరం దాకా ఉండే దూరాన్ని) స్కేలుతో కొలుస్తాం. తరంగదైర్ఘ్యం అంటూ ఉండాలంటే అది తరంగమై ఉండాలి. తర్వాత అదే ఎల్ఈడీ నుంచి వచ్చే ఒక్కో ఫోటాన్, అంటే ఒక్కో కాంతి కణం, శక్తిని మల్టీమీటర్‌తో కొలుస్తాం. శక్తి విడివిడి పొట్లాలుగా రావడం కణానికి ఉండే లక్షణం. ఆఖర్న ఈ రెండు అంకెలనూ గుణిస్తాం. ఎరుపు, ఆకుపచ్చ, నీలం, ఏ రంగుకైనా లబ్ధం 1240 దరిదాపుల్లో ఉండాలి. ఈ పాఠంలో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఆ గుణకారమే. తరంగపు అంకెనూ కణపు అంకెనూ ముడివేసేది ప్రకృతిలో ఆ ఒక్క లబ్ధమే.

ముందు సామాను

బెంగళూరులో ఉన్నవాళ్లకు ఎస్పీ రోడ్డు ఉంది. మెట్రోలో చిక్‌పేటలోనో కె.ఆర్.మార్కెట్‌లోనో దిగి నడిచి వెళ్లొచ్చు. కింది సామానంతా దాదాపు ఏ ఎలక్ట్రానిక్స్ కొట్లోనైనా దొరుకుతుంది. మల్టీమీటర్ ఇంట్లో ఉంటే మిగతాదానికి పెద్దగా ఖర్చు కాదు.

ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల్లో 5 మిల్లీమీటర్ల ఎల్ఈడీలు ఒక్కో రంగుకు మూడు నాలుగు తీసుకోండి. కొట్లో "వాటర్ క్లియర్" కావాలని గట్టిగా అడగండి. అంటే పైనున్న ప్లాస్టిక్ నీళ్లలా తేటగా ఉండాలి, రంగు వెలిగించాకే కనిపించాలి. ఈ షరతు ఎందుకో కింద మూడో పనిలో తెలుస్తుంది, దీన్ని మాత్రం వదలకండి. తెల్ల ఎల్ఈడీ వద్దు. అది నిజానికి నీలం ఎల్ఈడీయే, పైన పూసిన పసుపు ఫాస్ఫర్ వల్ల తెల్లగా కనిపిస్తుంది.

470 ఓమ్ రెసిస్టర్లు రెండు (పసుపు, ఊదా, గోధుమ పట్టీలు ఉంటాయి), 10కె పాట్ (తిప్పి నిరోధం మార్చుకునే రెసిస్టర్) ఒకటి, 9 వోల్టుల బ్యాటరీ, దాని క్లిప్పు, చిన్న బ్రెడ్‌బోర్డు (టంకం లేకుండా తీగలు గుచ్చి కలిపే పలక), కొన్ని జంపర్ వైర్లు తీసుకోండి. ఎర్ర లేజర్ పాయింటర్ ఒకటి కావాలి. పచ్చ లేజర్ కొనొద్దు. చవకరకం పచ్చ పాయింటర్ల నుంచి కంటికి కనిపించని పరారుణ కిరణాలు కూడా బయటికి వస్తుంటాయి, పైన రాసిన దానికంటే పవర్ ఎక్కువగా ఉండటమూ మామూలే. ఎర్రదైనా సరే 5 మిల్లీవాట్లకు మించకూడదు, ఎవరి కంట్లోకీ కొట్టకూడదు, అద్దాలూ స్టీలు గిన్నెలూ ఉన్న వైపు తిప్పకూడదు. చిన్నపిల్లలు ఉంటే లేజర్ మీ చేతిలోనే ఉంచుకోండి.

పాత సీడీ ఒకటి వెతకండి. డీవీడీ కాదు, సీడీయే. ఏ అటకమీదో, పెళ్లి వీడియోల సంచీలోనో దొరుకుతుంది.

మొదటి పని: వెంట్రుకతో తరంగాన్ని చూడటం

ఇది పది నిమిషాల పని. అట్టముక్కకు రూపాయి బిళ్లంత కన్నం చేసి, దాని మీద నిలువుగా ఒక తల వెంట్రుకను బిగించి టేపు అంటించండి. గోడకు 3 మీటర్ల దూరంలో అట్టను నిలబెట్టండి. లేజర్‌ను పుస్తకాల దొంతర మీద కదలకుండా పెట్టి, కిరణం వెంట్రుక మీద పడేలా సర్దండి. గది చీకటి చేయండి.

గోడమీద వెంట్రుక నీడ పడాలి కదా? పడదు. మధ్యలో ఒక వెలుగు గీత, దానికి అటూ ఇటూ చీకటి, వెలుగు, చీకటి, వెలుగు అడ్డంగా బారులు తీరి కనిపిస్తాయి. వెంట్రుకకు ఎడమ పక్కగా వెళ్లిన తరంగం, కుడి పక్కగా వెళ్లిన తరంగం గోడ దగ్గర కలుసుకుంటాయి. కొన్నిచోట్ల ఒకదాన్నొకటి బలపరుచుకుంటాయి, కొన్నిచోట్ల రద్దు చేసుకుంటాయి. వెలుతురుకు వెలుతురు కలిపితే చీకటి రావడమన్నది తరంగానికి తప్ప సాధ్యం కాదు. 1800ల తొలి ఏళ్లలో థామస్ యంగ్ లండన్‌లో చూపింది ఇదే.

ఒకే పక్కన ఉన్న రెండు వరుస చీకటి చోట్ల మధ్య దూరం కొలవండి. లేజర్ తరంగదైర్ఘ్యం 650 నానోమీటర్లు (నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు) అనుకుంటే (పాయింటర్ మీద చూడండి, సాధారణంగా 630 నుంచి 680 వరకు అని రాసి ఉంటుంది), గోడ దూరంతో గుణించి, చీకటి చోట్ల మధ్య దూరంతో భాగిస్తే వెంట్రుక మందం వస్తుంది. చీకట్ల మధ్య 2.8 సెంటీమీటర్లు వచ్చిందనుకోండి. 650 × 300 ÷ 2.8 అంటే సుమారు 70,000 నానోమీటర్లు, మిల్లీమీటరులో వందకు ఏడు వంతులు. మామూలు వెంట్రుక ఇంచుమించు అంతే ఉంటుంది. ఇంట్లో అందరి వెంట్రుకలూ కొలిచి చూడండి, తేడాలు స్పష్టంగా తెలుస్తాయి.

రెండో పని: సీడీతో తరంగదైర్ఘ్యం కొలవడం

దీనికి ఓపిక కావాలి, ఇంకో మనిషీ కావాలి. సీడీ మీద సమాచారం రాసిన సుడిగీతలో పక్కపక్క చుట్ల మధ్య దూరం 1.6 మైక్రోమీటర్లు, అంటే 1600 నానోమీటర్లు. ఇది ఆ ప్రమాణంలోనే ఉన్న కొలత కాబట్టి మన దగ్గరున్న అతి సన్నని స్కేలు ఇదే.

సీడీకి లేబుల్ ఉన్న వైపు బ్లేడుతో ఒక గాటు పెట్టి, గట్టి టేపు అంటించి లాగండి. వెండిపొర టేపుతో పాటు ఊడివస్తుంది. లేబుల్ వైపే ఎందుకంటే లోహపు పొర ఆ పక్కనే పలచటి లక్క కింద ఉంటుంది. రాసుకునే రకం సీడీ అయితే కొంచెం రంగు మిగులుతుంది, స్పిరిట్ అద్దిన దూదితో తుడిస్తే పోతుంది. ఆ పారదర్శకమైన బిళ్ల ఇప్పుడు గ్రేటింగ్, అంటే దగ్గరదగ్గర గీతలతో వెలుతురును రంగులుగా విడదీసే పలక. బయటి అంచుకు దగ్గరగా సెంటీమీటరు వెడల్పు కిటికీ మాత్రం వదిలి మిగతాదంతా నల్ల కాగితంతో కప్పేయండి. అంచు దగ్గర గీతల వంపు తక్కువ, అందుకే అక్కడ.

బల్ల మీద ఎల్ఈడీని వెలిగించండి (బ్యాటరీ, 470 ఓమ్ రెసిస్టర్, ఎల్ఈడీ వరసగా కలపాలి, పొడవు కాలు ప్లస్ వైపు). రెసిస్టర్ లేకుండా బ్యాటరీకి నేరుగా కలిపితే ఎల్ఈడీ కాలిపోతుంది. ఎల్ఈడీ ముందు నల్ల అట్టలో నిలువుగా సన్నటి చీలిక చేసి పెట్టండి. చీలిక దగ్గర ఒక మీటరు స్కేలును అడ్డంగా ఉంచండి. చీలికకు సరిగ్గా ఎదురుగా 50 సెంటీమీటర్ల దూరంలో గ్రేటింగ్‌ను నిలబెట్టి, కన్ను దానికి ఆనించి చూడండి. కిటికీ సీడీ నడిబొడ్డుకు పక్కగా, అదే ఎత్తులో ఉండాలి. అప్పుడే గీతలు నిలువుగా ఉండి రంగులు అటూ ఇటూ విడతాయి.

చీలిక ఎదురుగా కనిపిస్తుంది. దానికి ఎడమపక్కనా కుడిపక్కనా, గాల్లో వేలాడుతున్నట్టు, అదే రంగులో ఇంకో చీలిక కనిపిస్తుంది. రెండో మనిషి స్కేలు మీద పెన్సిలును మెల్లగా జరపాలి. పెన్సిలూ ఆ రంగు గీతా ఒకచోట కలిశాయని మీరు చెప్పగానే చీలిక నుంచి అక్కడికి ఎంత దూరమో రాసుకోండి. రెండు వైపులా కొలిచి సగటు తీయండి. రంగు గీత కాస్త అలుక్కున్నట్టు ఉంటుంది, దాని నడుమ ఎక్కువ వెలుగున్న చోటు తీసుకోండి.

సైన్ పట్టికలు అక్కర్లేదు. గ్రేటింగ్ నుంచి పెన్సిలు దాకా ఏటవాలు దూరాన్ని కూడా టేపుతో కొలవండి. తరంగదైర్ఘ్యం = 1600 × పక్క దూరం ÷ ఏటవాలు దూరం. పక్క దూరం 21.4, ఏటవాలు 54.4 వస్తే దాదాపు 630 నానోమీటర్లు. అది ఎరుపు. ఆకుపచ్చకు పక్క దూరం 17 సెంటీమీటర్లు దాటుతుంది, నీలానికి 15 దగ్గర ఆగుతుంది. ఎనిమిదో తరగతి పిల్ల కూడా చేయగల లెక్క ఇది. ఆ లెక్కతో మిల్లీమీటరులో పదిహేను వందల వంతు పొడవున్న దాన్ని చెక్క స్కేలుతో పట్టుకున్నట్టయింది.

మూడో పని: రంగు తగ్గితే ఎంత వెలుగైనా చాలదు

ఇప్పుడు తరంగాన్ని పక్కన పెట్టండి. కాంతి కణంలా ఎలా పనిచేస్తుందో అనుమానానికి తావు లేకుండా చూపించే ప్రయోగం ఇది. ఈ మొత్తంలో నాకు అన్నిటికంటే ఇష్టమైనదీ ఇదే.

ఎల్ఈడీకి కరెంటు ఇస్తే వెలుగు ఇస్తుందని తెలుసు. వెలుగు ఇస్తే కాస్త కరెంటు కూడా ఇస్తుంది. ఆకుపచ్చ ఎల్ఈడీ కాళ్లను నేరుగా మల్టీమీటర్‌కు కలిపి, డీసీ 2 వోల్టుల రేంజిలో పెట్టండి. దానికి ముక్కు ముక్కు ఆనేలా వెలుగుతున్న నీలం ఎల్ఈడీని ఉంచి, చుట్టూ నల్ల టేపు చుట్టండి. గది చీకటిగా ఉండాలి. మీటరులో వోల్టేజి కనిపిస్తుంది. ఎంతన్నది మీటరును బట్టి మారుతుంది, అది ముఖ్యం కాదు. ఇప్పుడు తారుమారు చేయండి. మీటరుకు నీలం ఎల్ఈడీని కలిపి, ఆకుపచ్చ వెలుతురు కొట్టండి. దాదాపు సున్నా. ఆకుపచ్చ ఎల్ఈడీ మీద ఎరుపు కొట్టినా సున్నాయే. ఒకటి కాదు, మూడు ఎర్ర ఎల్ఈడీలు కలిపి కొట్టండి. లేజరే కొట్టండి. అంకె కదలదు.

కాంతి తరంగం మాత్రమే అయితే ఇలా జరగడానికి వీల్లేదు. వెలుగు పెంచితే తరంగం ఎత్తు పెరుగుతుంది, ఎప్పటికో అప్పటికి ఎల్ఈడీలోని ఎలక్ట్రాన్‌ను వోల్టేజి పుట్టేలా పైకి తోసేయాలి. రైల్వే స్టేషన్‌లో బరువు చూసే యంత్రం తన బిళ్లకంటే చిన్న బిళ్లలు గుప్పెడు వేసినా చీటీ ఇవ్వనట్టు, ఎల్ఈడీలోని ఎలక్ట్రాన్‌కు ఒక్క ఫోటానే మొత్తం శక్తినీ తేవాలి. చిన్న ఫోటాన్లు కోట్లలో వచ్చి పడినా కుదరదు. ఇక్కడ వాటర్ క్లియర్ షరతు పనికొస్తుంది. ఎల్ఈడీ పైన నీలం రంగు ప్లాస్టిక్ ఉంటే, ఎర్ర వెలుతురును అదే ఆపిందేమో అన్న అనుమానం మిగిలిపోతుంది.

ఫిలిప్ లెనార్డ్ 1902లో లోహాల మీద ఇలాంటిదే గమనించాడు. వెలుగు పెంచితే బయటికొచ్చే ఎలక్ట్రాన్ల సంఖ్య పెరుగుతోంది తప్ప ఒక్కో ఎలక్ట్రాన్ శక్తి పెరగడం లేదు. 1905లో ఐన్‌స్టీన్ దానికి చెప్పిన కారణమే కాంతి పొట్లాలు, ఒక్కో పొట్లం శక్తి పౌనఃపున్యానికి (సెకనుకు ఎన్ని అలలన్న లెక్కకు) అనులోమానుపాతంలో ఉంటుందని. రాబర్ట్ మిల్లికన్‌కు ఆ మాట మీద నమ్మకం లేదు. ఏళ్ల తరబడి జాగ్రత్తగా కొలిచాడు. 1916లో ప్రచురించిన ఆయన కొలతలు ఐన్‌స్టీన్ సమీకరణం సరైనదనే తేల్చాయి. ఐన్‌స్టీన్‌కు 1921 నోబెల్ వచ్చింది ఈ కాంతి విద్యుత్ ఫలితానికే, మిల్లికన్‌కు 1923లో వచ్చింది. నమ్మని మనిషి చేతుల్లోంచి వచ్చిన రుజువు కాబట్టే దానికి అంత విలువ అని నేననుకుంటాను.

నాలుగో పని: ఫోటాన్ శక్తిని వోల్టుల్లో చదవడం

పాట్ రెండు చివరి కాళ్లను బ్యాటరీ ప్లస్, మైనస్‌లకు కలపండి. నడిమి కాలు నుంచి 470 ఓమ్ రెసిస్టర్, అక్కణ్నుంచి ఎల్ఈడీ పొడవు కాలు, పొట్టి కాలు మైనస్‌కు. పాట్‌ను మైనస్ వైపుకు పూర్తిగా తిప్పి మొదలుపెట్టండి. మల్టీమీటర్‌ను రెసిస్టర్ రెండు చివరల మీద పెట్టి, 0.47 వోల్టులు చూపేవరకు పాట్‌ను మెల్లగా తిప్పండి. అప్పుడు ఎల్ఈడీలో సరిగ్గా ఒక మిల్లీ ఆంపియర్ పోతోందన్నమాట. పాట్‌ను కదపకుండా, మీటరు తీగలను ఎల్ఈడీ కాళ్ల మీదకు మార్చి వోల్టేజి రాసుకోండి. మూడు రంగులకూ ఇలాగే చేయండి. ఎల్ఈడీ వెలగడం ఎప్పుడు మొదలైందో కంటితో చూసి రాయమని చెప్పేవాళ్లుంటారు. ఆ పద్ధతిలో కన్ను కన్నుకూ జవాబు మారుతుంది. అన్నిటిలో ఒకే కరెంటు పెట్టడం మేలు.

ఎరుపుకు 1.7 నుంచి 1.9 మధ్య, నీలానికి 2.5 నుంచి 2.8 మధ్య వస్తుంది. ఎల్ఈడీలో బ్యాటరీ ఒక ఎలక్ట్రాన్‌ను ఆ వోల్టుల మేర పైకి ఎక్కిస్తుంది. అది దిగేటప్పుడు ఆ శక్తిని ఒకే ఒక్క ఫోటాన్‌గా వదులుతుంది. అందుకే వోల్టేజి అంకె ఇంచుమించు ఫోటాన్ శక్తి, ఎలక్ట్రాన్ వోల్టుల్లో (ఎలక్ట్రాన్ ఒక వోల్టు ఎక్కడానికి పట్టే శక్తి ఒక ఎలక్ట్రాన్ వోల్టు).

ఇక గుణకారం. ప్రతి రంగుకూ నానోమీటర్లు × వోల్టులు. 630 × 1.8 చేస్తే 1134. 465 × 2.65 చేస్తే 1232. అసలు విలువ 1240, ఎందుకంటే అది ప్లాంక్ స్థిరాంకాన్ని (ఫోటాన్ శక్తిని పౌనఃపున్యంతో భాగిస్తే వచ్చే మారని అంకెను) కాంతి వేగంతో గుణించి, ఎలక్ట్రాన్ ఆవేశంతో భాగించగా వచ్చే అంకె. నూటికి పది పదిహేను పాళ్లు తేడా వస్తే బెంగపడక్కర్లేదు, దానికి కారణం ఉంది. గది వేడికి కదులుతున్న ఎలక్ట్రాన్లు కొంత శక్తిని ఆ వేడి నుంచే తెచ్చుకుంటాయి, కాబట్టి బ్యాటరీ మొత్తం ఇవ్వాల్సిన పనిలేదు. ఎరుపులో అంకె తగ్గేది ఇందుకే. కొన్ని నీలం ఎల్ఈడీల్లో లోపలి పొరల నిరోధం కొంత వోల్టేజిని తినేస్తుంది, అక్కడ అంకె కాస్త పెరగవచ్చు. అయినా తరంగదైర్ఘ్యం తగ్గేకొద్దీ వోల్టేజి పెరగడం, లబ్ధం మాత్రం 1240 చుట్టుపక్కలే తిరగడం మీ నోటుబుక్కులో కనిపిస్తుంది.

2019 మే 20 నుంచి ప్లాంక్ స్థిరాంకానికి కచ్చితమైన విలువ ఖాయం చేసి, దాని మీదే కిలోగ్రామును నిర్వచించారు. కూరగాయల తూకం వెనక ఉన్న ప్రమాణం ఇప్పుడు ఈ అంకె మీదే నిలబడి ఉంది.

ఒక్కొక్కటిగా పంపితే?

ఇక్కడ పిల్లలు అడిగే ప్రశ్న ఒకటుంది, దాన్ని దాటేయకండి. ఫోటాన్లు గుంపుగా వెళ్తున్నాయి కాబట్టి ఒకదానితో ఒకటి కలిసి వెంట్రుక చుట్టూ ఆ చారలు వేస్తున్నాయేమో అంటారు. మంచి ప్రశ్న. ఒక మిల్లీవాట్ ఎర్ర లేజర్ సెకనుకు సుమారు 33 కోట్ల కోట్ల ఫోటాన్లు వదులుతుంది. లేజర్‌కూ గోడకూ మధ్య 3 మీటర్ల దారిలో ఏ క్షణంలో చూసినా మూడు కోట్లకు పైగా ఉంటాయి. ఒకసారికి ఒక్కటే ఉండాలంటే వెలుగును అన్ని కోట్ల రెట్లు తగ్గించాలి.

1909లో కేంబ్రిడ్జిలో జి.ఐ.టేలర్ చేసింది అదే. సూది నీడను, గ్యాసు దీపం వెలుగును మసి పట్టించిన అద్దాలతో బాగా తగ్గించి, ఫోటోగ్రాఫిక్ ప్లేటు మీద పట్టాడు. అన్నిటికంటే మసక వెలుగులో ప్లేటును మూడు నెలల పాటు ఉంచాల్సి వచ్చింది. చారలు అంతే స్పష్టంగా వచ్చాయి. వెలుగును తగ్గించినంత మాత్రాన ఒక్కో ఫోటానే వెళ్లిందని కచ్చితంగా అనలేం. ఆ లోటును 1986లో ఫ్రాన్స్‌లో గ్రాంజియే, రోజే, ఆస్పే పూరించారు. నిజంగా ఒక్కో ఫోటాన్‌నే వదిలే మూలాన్ని వాడి, ఒంటరి ఫోటాన్లతో కూడా చారలు వస్తాయని చూపారు. ప్రతి ఫోటాన్ ఒకేచోట చుక్కలా నమోదవుతుంది. చుక్కలు పోగుపడేకొద్దీ తరంగం గీసిన బొమ్మ తేలుతుంది. ఎక్కడ చుక్క పడే అవకాశం ఎంతన్నది తరంగం చెప్తుంది, పడేటప్పుడు మాత్రం శక్తి మొత్తం ఒక్కచోటే పడుతుంది. ఇంతకంటే తేలిక చేసి చెప్పడం నాకు న్యాయం అనిపించదు.

ఆ 1240ని ఇంటి చుట్టూ తిప్పి చూడండి

ఆకాశవాణి బెంగళూరు ఎఫ్ఎం రెయిన్‌బో 101.3 మెగాహెర్ట్జ్. తరంగదైర్ఘ్యం దాదాపు 3 మీటర్లు, ఒక్కో ఫోటాన్ శక్తి ఎలక్ట్రాన్ వోల్టులో ఇరవై లక్షల వంతుకు కూడా తక్కువ. అంత చిన్న పొట్లాలు లెక్కలేనన్ని కలిసి వస్తాయి కాబట్టి రేడియోలో కణం జాడే తెలియదు, అంతా తరంగమే. ఆస్పత్రి ఎక్స్‌రే ఇందుకు సరిగ్గా తిరగబడి ఉంటుంది. 60 వేల వోల్టులతో నడిచే గొట్టం నుంచి వచ్చే అత్యధిక శక్తి ఫోటాన్ తరంగదైర్ఘ్యం 0.02 నానోమీటర్లు. అక్కడ కణం స్వభావం దాచినా దాగదు. 1923లో ఆర్థర్ కాంప్టన్ ఎక్స్‌రే ఫోటాన్ ఎలక్ట్రాన్‌ను గుద్ది శక్తి పోగొట్టుకుంటుందని చూపాడు.

అపార్ట్‌మెంట్ సమావేశాల్లో మొబైల్ టవర్ గురించి గొడవ వచ్చినప్పుడు కూడా ఈ లెక్క పనికొస్తుంది. 1800 మెగాహెర్ట్జ్ దగ్గర ఫోటాన్ శక్తి ఎలక్ట్రాన్ వోల్టులో లక్షో వంతు కూడా ఉండదు. అణువులోని పరమాణువుల మధ్య బంధం తెగాలంటే కొన్ని ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. కాబట్టి ఆ ఫోటాన్లు ఎన్ని ఉన్నా, ఒక్కోటీ చేయగలిగింది వేడి చేయడమే, ఆ వేడి ఎంతన్నది తీవ్రతను బట్టి ఉంటుంది. మిట్టమధ్యాహ్నపు ఎండలోని 300 నానోమీటర్ల అతినీలలోహిత ఫోటాన్‌కు 4.1 ఎలక్ట్రాన్ వోల్టులు ఉంటాయి. చర్మం గురించి జాగ్రత్త పడాల్సింది దానితోనే.

ఇంకా చేయాలనుకుంటే

నాలుగో ఎల్ఈడీగా 940 నానోమీటర్ల పరారుణ ఎల్ఈడీ తెచ్చుకోండి, టీవీ రిమోట్లలో ఉండే రకం. కంటికి కనిపించదు కాబట్టి గ్రేటింగ్ వెనక కన్ను బదులు ఫోన్ కెమెరా పెట్టండి. వెనక కెమెరాలో కనబడకపోతే సెల్ఫీ కెమెరాతో చూడండి. 50 సెంటీమీటర్ల దూరంలో పక్క దూరం 36 దగ్గర వస్తుంది. వోల్టేజి ఒక వోల్టు పైచిలుకు. కనిపించని వెలుగు కూడా అదే గుణకారానికి లోబడటం చూస్తే పిల్లల మొహాలు వెలుగుతాయి.

ఈ ఊళ్లో ఈ పాఠానికి మనవాళ్ల సంబంధం ఒకటుంది, దాన్ని కూడా పిల్లలకు చెప్పండి. అప్పటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో 1909లో పుట్టిన సూరి భగవంతం, సి.వి.రామన్‌తో కలిసి ఫోటాన్‌కు స్పిన్ (భ్రమణం లాంటి సహజ గుణం) ఉందనడానికి ప్రయోగపూర్వక రుజువును 1931లో ప్రచురించారు. 1957 నుంచి 1962 వరకు ఇక్కడి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు డైరెక్టరుగా ఉన్నారు. ఆ సంస్థ ఏటా జరిపే ఓపెన్ డేకు ప్రయోగశాలల తలుపులు తెరుస్తారు. వెళ్లేటప్పుడు మీ నోటుబుక్కు పట్టుకెళ్లండి. ఎరుపు లబ్ధం ఎందుకు తగ్గింది, గది వేడి తగ్గిస్తే ఏమవుతుంది అని అక్కడి పరిశోధక విద్యార్థుల్ని అడగండి. సొంతంగా కొలిచిన అంకెలు చూపి అడిగేవాళ్లకు వాళ్లు ఓపిగ్గా జవాబు చెప్తారు.